మాకు తెలుసు

కిందటి వారం అక్కని ఎక్కడ వదిలిపెట్టామో గుర్తుందిగా. ఆదివారం మధ్యాహ్నం, దుకాణాలన్నీ మూసేసిన వీధిలో, కళ్ళజోళ్ళ షాపు ముందు. షట్టరు సగం దించి ఉంది. లోపలినుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. ఆ నవ్వుల్లో ఒక గొంతు ఆమె పోల్చుకుంది. వారం రోజులుగా కళ్ళు మూసినా తెరిచినా ఆమె చెవుల్లో మోగుతున్నది ఆ గొంతే.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. అక్క డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. ఆమె తమ్ముడు కుస్తీ షోల్లో ఆడతాడు. రింగులో అతని పేరు గూడ్స్ బండి. ఆ కుస్తీలో ఎవరు గెలవాలో ఎవరు ఓడాలో కంపెనీ ముందే చెబుతుంది. రింగు కింద ఉన్న చెక్కలకి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పరు. కిందటి శనివారం కసాయి అనే పేరుతో ఆడేవాడు గూడ్స్ బండిని తలకిందులుగా ఎత్తి వదిలాడు. మెడ మీద పడ్డవాడు లేవలేదు. చారల చొక్కా రిఫరీ రెండు చేతులూ తలపైకెత్తి అడ్డంగా కలిపి పట్టుకున్నాడు. ఆ వృత్తిలో దానికి అర్థం ఒకటే. ఇది నటన కాదు, నిజం దెబ్బ, డాక్టర్ని పంపండి అని. సరిగ్గా అప్పుడే ముందు వరసలో ఒకాయన లేచి, చప్పట్లు కొడుతూ "మాకు తెలుసు, మాకు తెలుసు" అని మొదలుపెట్టాడు. హాలంతా అందుకుంది. డాక్టరు రింగులోకి రాలేదు. కసాయి ఆ పడి ఉన్నవాణ్ణే మళ్ళీ ఎత్తి మళ్ళీ పడేశాడు.

ఇప్పుడు తమ్ముడు ఆసుపత్రిలో ఉన్నాడు. మెడ చుట్టూ ఇనప చట్రం. కాళ్ళు ఉన్నాయో లేవో తెలియడం లేదంటున్నాడు. అతనే కాలు జారి తప్పుగా దూకాడని కంపెనీ చేతులు దులుపుకుంది. మంగళవారం కుస్తీ సంఘం విచారణ. తప్పు అతనిదేనని తేలిందా, కంపెనీ ఇక ఆ మంచం వైపు తిరిగి చూడదు. అంతకన్నా ఘోరమేమిటంటే తమ్ముడికి ఆ సాయంత్రం ఏమీ గుర్తు లేదు. అక్క కనబడగానే ఒకటే ప్రశ్న. "అక్కా, తప్పు నాదేనా?"

కంపెనీ చూపించే వీడియోలో ఆ క్షణం రాగానే కెమెరా జనం మొహాల మీదికి తిరుగుతుంది, నినాదం మొదలుపెట్టిన గొంతు మాత్రం వినిపిస్తుంది. కత్తిరించని వీడియో ఒక్కరి దగ్గరే ఉంటుందని ఆమెకి ఆనవాలు దొరికింది. ఇదిగో, ఆ గొంతు ఉన్నాయన దగ్గర.

అక్క అరచేత్తో షట్టరు మీద కొట్టింది. వీధి చివర డ్రైవింగ్ స్కూలు కారులో కూర్చుని ఉన్న భర్త ఆ చప్పుడికి తల బయటికి పెట్టి చూశాడు. "నేను కూడా రానా?" అని చేత్తో సైగ చేశాడు. వద్దని తలూపింది. పాపం, ఆయనా ఈ వారం నలిగిపోయాడు. బావమరిదిని ఆ కంపెనీలో చేర్చింది ఆయనే. రింగు పక్కన బల్ల దగ్గర కూర్చుని గంట కొట్టడం ఆయన పని. ఆ సమయానికి జనరేటర్ ఏదో తేడాగా మోగుతోందని వెనక్కి వెళ్ళాననీ, తిరిగి వచ్చేసరికి అంతా అయిపోయిందనీ ఆసుపత్రి వరండాలో గోడకి తల కొట్టుకుని ఏడ్చాడు. అప్పుడు అక్కే ఆయన్ని ఓదార్చింది.

షట్టరు పైకి లేచింది.

లోపల ముగ్గురున్నారు. అద్దాల బీరువాల నిండా ఫ్రేములు వరసలుగా నిలబడి ఉన్నాయి. కళ్ళు పరీక్ష చేసే ఎత్తు కుర్చీలో ఒక ముసలావిడ కాళ్ళు ఊపుతూ కూర్చుంది. అందరూ ఆవిణ్ణి మామ్మగారంటారు. టెలిఫోను ఆఫీసులో ఆపరేటరుగా చేసి రిటైరయింది. స్టూలు మీద ఇన్సూరెన్సు ఏజెంటు, మెళ్ళో కసాయి బొమ్మ ఉన్న రుమాలు. షట్టరు ఎత్తినాయన షాపు యజమాని. బట్టతల, చేతిలో మార్కరు. మ్యాచ్ గురించి ఎవరు ఏమన్నా సరిదిద్దే అలవాటు వల్ల ఆయనకి పంతులు అని పేరు పడింది. వీళ్ళ గుంపు పేరు ముందు వరస. ప్రతి ఆదివారం ఇక్కడ చేరి, శనివారం షోని ముక్కలు ముక్కలుగా కోసి, ఎవరు బాగా పడ్డారో, ఎవరు దెబ్బని సరిగ్గా నటించలేదో మార్కులు వేస్తారు.

గోడ మీద అక్షరాలు పెద్దవి నుంచి చిన్నవి అయ్యే చార్టు. దాని పక్కన తెల్లబోర్డు. బోర్డు మీద కిందటి వారం రాసిన ఒక లైను దగ్గర అక్క కళ్ళు ఆగిపోయాయి. "గూడ్స్ బండి పడటం: అయిదుకి నాలుగున్నర."

"ఆ అర ఎందుకు తగ్గించారు?" అంది అక్క.

పంతులుకి అర్థం కాలేదు. "ఏంటమ్మా?"

"నాలుగున్నర వేశారు కదా. అర మార్కు ఎందుకు తగ్గించారో చెప్పండి. వాడికి చెబుతాను. ఈసారి ఇంకాస్త బాగా పడతాడు."

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. పంతులు బోర్డుకి అడ్డం వచ్చాడు. అంత బోర్డుకి ఆయన ఒళ్ళు ఏ మూలకి. "మీరెవరు?"

"మీరు మార్కులు వేసినవాడి అక్కని."

ఇక్కడ ఎవరైనా తల దించుకుంటారు, లేకపోతే తలుపు వేసుకుంటారు. ఏజెంటు ఆ రెండూ చెయ్యలేదు. అతని మొహం మెల్లగా వెలిగింది. స్టూలు మీంచి లేచి, ఆమె భుజాన ఉన్న సంచీని పరీక్షగా చూసి, షట్టరు వైపు తొంగిచూసి, మళ్ళీ ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత రెండు చేతులూ కలిపి నెమ్మదిగా చప్పట్లు కొట్టాడు.

"అదిరింది. కెమెరా ఎక్కడ పెట్టారు, సంచీలోనా? కంపెనీ ఈసారి కథని మన గుమ్మంలోకే తెచ్చేసింది, చూశావా పంతులూ. మేడం, మీరు చాలా బాగా చేస్తున్నారు. ఆ అర మార్కు మాట మీదేనా, రాసిచ్చారా?"

అక్కకి ఒళ్ళంతా మంటలు రేగాయి. పక్క సీట్లో కూర్చుని కొత్తవాళ్ళ చేత కారు నడిపించే మనిషి ఆమె. ఎదురుగా లారీ వస్తున్నా గొంతు పెంచకుండా "కొంచెం పక్కకి" అని చెప్పగలదు. ఎంతమంది గేరు బదులు ఆమె మోకాలు పట్టుకున్నా విసుక్కోలేదు. అలాంటిది ఇప్పుడు ఆమె కుడికాలు చెప్పులో తనంతట తనే నేలని తొక్కేస్తోంది. అక్కడ బ్రేకు లేదు. ఈ మనిషిని ఆపడానికి ప్రపంచంలో ఎక్కడా బ్రేకు లేదనిపించింది.

కొట్టేదే. చెయ్యి సగం దాకా లేచింది కూడా. కానీ కొడితే ఆ చెంపదెబ్బకి కూడా వీడు మార్కులు వేస్తాడని తోచి దించేసింది.

సంచీలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి కౌంటరు గాజు మీద బోర్లించింది. రెండు బూట్లు బయటపడ్డాయి. మోకాలి దాకా వచ్చే ఎర్రబూట్లు, పక్కన పసుపు చారలు. వాటిని వేలమంది చూశారు. కానీ ఇలా ఎవరూ చూడలేదు. రెండూ పైనుంచి మడమ దాకా నిలువునా కోసి ఉన్నాయి. లేసులు ముడి విప్పకుండానే తెగి, తోలుకి అంటుకుని వేలాడుతున్నాయి.

"ఆసుపత్రిలో కత్తెరతో కోశారు. ముడి విప్పడానికి కాలు కదపకూడదన్నారు" అంది అక్క.

ఏజెంటు చప్పట్లు ఆగాయి. ఇది వాళ్ళకి తెలిసిన సంగతే. కుస్తీ పిచ్చివాళ్ళకి వాళ్ళ లెక్క ఒకటుంటుంది. కథలో దెబ్బ తగిలినవాడి బూటుని కంపెనీ ఎప్పుడూ కోయదు. కొలత తీసి కుట్టించిన బూటు, మళ్ళీ వారం కావాలి. కట్టు కడతారు, రంగు పూస్తారు, స్ట్రెచరు మీద పడుకోబెట్టి ఊరేగిస్తారు. బూటు మాత్రం భద్రంగా ముడి విప్పి తీస్తారు. ఎవరైనా దెబ్బ నటించాడా లేదా అని వాళ్ళు బూట్లు చూసి చెబుతారు. ఆ విద్య పంతులే వాళ్ళకి నేర్పాడు.

మామ్మగారు ఎత్తు కుర్చీ దిగి వచ్చి, ఒక బూటు చేతిలోకి తీసుకుని, కోసిన అంచు వెంట వేలు పెట్టి నడిపింది. తర్వాత దాన్ని జాగ్రత్తగా జత పక్కన పెట్టి, ఏజెంటు వైపు తిరిగి, "ఆ రుమాలు తియ్" అంది. అతను తీసి జేబులో కుక్కుకున్నాడు.

"మేం కావాలని చెయ్యలేదమ్మా" అన్నాడు పంతులు. "ఆ మధ్య ఒకసారి రిఫరీ ఇలాగే చేతులు అడ్డం పెట్టాడు. మేం నమ్మాం. నేను ఆసుపత్రికి పళ్ళు కూడా తీసుకెళ్ళాను. తీరా చూస్తే అంతా కథ. మరుసటి వారం ఆ పడ్డవాడు నవ్వుతూ రింగులోకి వచ్చి, నా వైపు వేలు పెట్టి చూపించాడు. హాలంతా నన్ను చూసి నవ్వారు. పళ్ళ పంతులు అన్నారు. చిన్నప్పటినుంచీ చూస్తున్నవాణ్ణి, నాకు తల తీసేసినట్టయింది. ఇంక జన్మలో వాళ్ళ వల్లో పడకూడదని అప్పుడే అనుకున్నాం. ఆ నినాదం అప్పుడు పుట్టింది. మాకు తెలుసు అని."

"అంటే, మీరు నవ్వులపాలైన ఉక్రోషం నా తమ్ముడి మెడ మీద తీర్చుకున్నారు."

"అలా కాదమ్మా. వాళ్ళు ఆ గుర్తుని అబద్ధానికి వాడారు. తప్పు వాళ్ళది."

"వాళ్ళ సంగతి నేను చూసుకుంటాను. మీ సంగతి చెప్పండి. మనిషి కింద పడి ఉన్నాడు. ఇంటికి వెళ్ళాక మీకు ఒక్కసారైనా అనిపించిందా, నిజమేమో కనుక్కుందామని?" ఆమె బోర్డు వైపు వేలు చూపించింది. "టికెట్టు కొనుక్కుని పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని వచ్చేవాళ్ళున్నారే, ఇదంతా నిజమే అనుకునేవాళ్ళు, వాళ్ళని మీరు అమాయకులని ఎగతాళి చేస్తారట. ఆ రోజు హాల్లో ఏడ్చింది వాళ్ళే. ఒకావిడ 'అయ్యో, ఎవరైనా చూడండి' అని అరిచిందని రిఫరీ చెప్పాడు. మీ అరుపుల్లో ఆవిడ మాట ఎవరికీ వినబడలేదు. ఏమీ తెలియనివాళ్ళకి తెలిసింది. అన్నీ తెలిసిన మీకు తెలియలేదు. సిగ్గుగా లేదా?"

పంతులు మార్కరు మూత పెడుతున్నాడు, తీస్తున్నాడు, మళ్ళీ పెడుతున్నాడు.

"నాకు వీడియో కావాలి" అంది అక్క. "మొత్తం. కత్తిరించకుండా."

"లేదమ్మా. తీసేశాను."

"అబద్ధం" అంది మామ్మగారు వెనకనుంచి. "వీడి పెళ్ళి ఫొటోలు పోగొట్టాడు. వాళ్ళావిడ ఇప్పటికీ తిట్టుకుంటుంది. మ్యాచ్ మాత్రం ఒక్కటి పోగొట్టిన పాపాన పోలేదు. ఇవ్వు నాయనా."

"అందులో నా గొంతు ఉంది మామ్మగారూ" అన్నాడు పంతులు. "మొదట అరిచింది నేనేనని అందరికీ తెలుస్తుంది. రేపు ఈ షాపుకి ఎవరొస్తారు? జనం నా మొహాన ఉమ్మేస్తారు."

"ఉమ్మితే కళ్ళజోడు తుడుచుకోండి" అంది అక్క. "నా తమ్ముడు మొహం తుడుచుకోవడానికి చెయ్యి కూడా ఎత్తలేడు."

పంతులు కౌంటరు కింద సొరుగు లాగి, లెన్సుల డబ్బాల వెనకనుంచి చిన్న పెన్‌డ్రైవు తీసి, గోడకున్న టీవీకి తగిలించాడు.

తెర మీద హాలు కనిపించింది. రింగు, దీపాలు, తాళ్ళు. అంచున గంట పెట్టే బల్ల ఒక కొస మాత్రం కనబడుతోంది. తమ్ముడు ఎర్రబూట్లతో పరుగెత్తుతున్నాడు. అక్క ఒక చేత్తో కౌంటరు అంచు పట్టుకుంది. ఇన్నాళ్ళూ ఆమె ఒక్క షో చూడలేదు. వాడు పడుతుంటే చూడలేనని వెళ్ళేది కాదు. ఇప్పుడు చూసింది. వాడు గాల్లోకి లేవడం, తలకిందులవడం, పడటం. ఆ చప్పుడు.

పడ్డాక కసాయి అతని మీద వాలాడు. "ఆపు" అన్నాడు ఏజెంటు. మొహం పాలిపోయి ఉంది. తెర దగ్గరికి వెళ్ళి వేలితో చూపించాడు. "చెయ్యి చూడండి. ఆడేవాళ్ళు పడ్డాక ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు నొక్కుతారు, బాగున్నావా అని. బాగుంటే వాడు తిరిగి నొక్కుతాడు. కసాయి నొక్కుతున్నాడు, ఇదిగో. మళ్ళీ నొక్కాడు. అవతల చెయ్యి కదలట్లేదు." తెర మీంచి వేలు తీశాడు. "ఇది నేను ఎన్ని వందల మ్యాచుల్లో పట్టుకున్నానో. ఆ రోజు నా కళ్ళముందే ఉంది. చూడనేలేదు."

వీడియో మళ్ళీ కదిలింది. రిఫరీ చేతులు పైకి లేచి అడ్డంగా కలిశాయి. మూలన కుర్చీలోంచి డాక్టరు సంచీ పుచ్చుకుని లేచాడు. రెండడుగులు వేశాడు. అప్పుడు స్టాండు మీద పెట్టిన కెమెరాకి చాలా దగ్గర్లో, పెద్దగా, చప్పట్లతో సహా వినిపించింది. "మాకు తెలుసు." ఒక్క గొంతు. తర్వాత పది. తర్వాత హాలంతా. డాక్టరు ఆగి జనం వైపు చూశాడు. ఇది కూడా కథలో ఉందేమో, తనకి చెప్పలేదేమో అనుకున్న మనిషిలా ఇబ్బందిగా నవ్వి, వెనక్కి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

పంతులు గోడకి ఆనుకుని కిందికి జారి, పాదాల మీద కూర్చుండిపోయాడు. "క్షమించమ్మా" అన్నాడు.

"నన్నడక్కండి. ఆ మంచం దగ్గరికి వచ్చి వాణ్ణి అడగండి. వాడు క్షమిస్తాడు, వాడి గుణం అది. నేను మాత్రం క్షమించను."

అక్క డ్రైవు కోసం చెయ్యి చాపింది. ఇంతలో మామ్మగారు "ఆగమ్మా" అంది. "పడ్డాక సంగతి చూశాం. నీకు కావలసింది పడకముందు సంగతి కదా. ఒరే, కొంచెం వెనక్కి పోనీ. ఎత్తిన దగ్గరికి. మెల్లగా."

ఏజెంటు వెనక్కి తిప్పాడు. కసాయి గూడ్స్ బండిని తలకిందులుగా ఎత్తి పట్టుకున్నాడు. బొమ్మ మెల్లగా కదులుతోంది. మామ్మగారూ ఏజెంటూ తెరకి అంగుళం దూరంలో మొహాలు పెట్టి చూస్తున్నారు. మంచికో చెడుకో, ఈ విద్యలో వాళ్ళని మించినవాళ్ళు లేరు.

"అదిగో" అంది మామ్మగారు. "మీవాడు చేత్తో కసాయి తొడ మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు."

"అంటే?" అంది అక్క.

పంతులు కిందనుంచి లేచి వచ్చాడు. "రెండుసార్లు తట్టడం అంటే దింపు అని. పట్టు కుదరలేదు, వద్దు, దింపెయ్ అని. మీవాడు దూకలేదమ్మా, జారలేదు. ఏదో తేడాగా ఉందని వాడికి ముందే తెలిసింది. ఆపమని అడిగాడు. చూడండి, కసాయి కూడా విన్నాడు. మోకాళ్ళు వంచుతున్నాడు. దింపేస్తున్నాడు."

తప్పు వాడిది కాదు. అక్కకి ఇప్పుడే పరుగెత్తుకు వెళ్ళి ఆ ఇనప చట్రంలో ఉన్న మొహానికి ఈ మాట చెప్పాలనిపించింది. నీ తప్పు కాదురా చిన్నోడా. నువ్వు ఆపమన్నావు. నువ్వు సరిగ్గానే చేశావు.

"మరి దింపుతున్నవాడు ఎందుకు వదిలేశాడు?" అంది.

బొమ్మ కదిలింది. మోకాళ్ళు వంచిన కసాయి తల తిప్పి బల్ల వైపు చూశాడు. తెర అంచున, గంట పక్కనుంచి ఒక చెయ్యి పైకి లేచింది. మనిషి మొహం లేదు, భుజం లేదు, మోచెయ్యి నుంచి వేళ్ళ దాకా అంతే. ఆ చెయ్యి గాల్లో గిర్రున రెండు చుట్లు తిరిగింది. కానియ్, కానియ్ అని. కసాయి మొహంలో ఏదో నలిగింది. మోకాళ్ళు నిటారుగా చేసి, వదిలేశాడు.

"ఆపు" అంది అక్క.

బొమ్మ ఆగింది. ఆగిన చేతికి నీలం ఫుల్ చొక్కా. వేళ్ళ మధ్య గంట కొట్టే చిన్న సుత్తి. మణికట్టుకి గడియారం, అందరూ పెట్టుకున్నట్టు పైకి కాదు, డయలు లోపలి వైపుకి. సుత్తి దెబ్బకి రెండు గడియారాల అద్దాలు పగిలాక, ఇలా లోపలికి పెట్టుకోండని నేర్పింది ఆమే. ఆ చొక్కా గుండీ ఒకటి రంగు కలవకపోయినా ఆమే కుట్టింది. తెర మీద ఆ తెల్లగుండీ కూడా కనబడుతోంది.

"ఇది గంటాయన చెయ్యి" అంటున్నాడు ఏజెంటు హడావిడిగా. "బల్ల దగ్గరినుంచి ఏ కబురు రావాలన్నా ఆయన చేత్తోనే వస్తుంది. ఆయన్ని గనక విచారణకి పిలిపిస్తే మేడం, మొత్తం కథ బయటికొస్తుంది. ఆయనెవరో, ఎక్కడుంటాడో కనుక్కోవాలి."

మామ్మగారు అతన్ని మోచేత్తో పొడిచింది. ఆవిడ ఎన్నేళ్ళో జనం మాటల మధ్య ఊపిరి విని బతికిన మనిషి. అక్క ఊపిరి ఆగడం ఆవిడకి వినిపించింది. "ఆయన నీకు తెలుసా అమ్మా?"

"తెలుసు" అంది అక్క. "మా ఆయన."

డ్రైవు సంచీలో వేసుకుంది. బూట్లు కవర్లో పెట్టుకుంది. బోర్డు దగ్గరికి వెళ్ళి, ఆ నాలుగున్నరని అరచేత్తో తుడిచేసి, నల్లగా అయిన చేత్తోనే షట్టరు దాటి బయటికి నడిచింది. వెనక పంతులు "మంగళవారం నేను వస్తానమ్మా, నా గొంతేనని నేనే చెబుతాను" అంటున్నాడు. విందో లేదో, ఆగలేదు.

కారు దగ్గరికి వచ్చేసరికి భర్త స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు. ఆమె వైపు తలుపు లోపలినుంచే తెరిచాడు. "పొద్దున్నుంచి ఏమీ తినలేదు. మూలన ఒక్క షాపు తీసి ఉంటే బన్ను తెచ్చాను. ఇంకా వేడిగానే ఉంది" అన్నాడు. కాగితంలో చుట్టింది ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆ చెయ్యి ఒక్క క్షణం ఆమె కళ్ళముందు ఉండి వెళ్ళింది. డయలు లోపలికి.

ఇంత ప్రేమగా చూసుకునే మనిషి. ఈ వారమంతా తనకి నీళ్ళు పట్టి ఇచ్చిన మనిషి. అక్కకి కోపం ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. లోపల ముగ్గురు పరాయివాళ్ళ మీద గంటసేపు ఖర్చుపెట్టిన కోపం, అసలు మనిషి పక్కకి వచ్చేసరికి చాలదేమోనని భయం వేసింది. చాలింది.

కారు కదిలింది. వీధి దాటి పెద్దరోడ్డు ఎక్కింది. ఆయన అద్దంలో చూసుకుంటూ, "ఏమన్నారు? వీడియో ఉందా?" అని అడిగాడు. మామూలుగానే అడిగాడు. ఆ మామూలుతనానికే ఆమె కుడికాలు లేచింది. డ్రైవింగ్ స్కూలు కారు కదా. పక్క సీటు కింద కూడా బ్రేకు ఉంటుంది. ఈసారి కాలి కింద అది ఉంది. అణచి తొక్కింది.

కారు నడిరోడ్డు మీద గుద్దినట్టు ఆగిపోయింది. బన్ను కింద పడి దొర్లింది. వెనక టైర్లు కీచుమన్నాయి.

"ఏమైంది? ఎవరైనా అడ్డం వచ్చారా?" అన్నాడు ఆయన కంగారుగా.

పెళ్ళైన దగ్గరినుంచీ ఆయన్ని మీరు అనే పిలిచింది. కోపంలో కూడా ఆ మాట జారలేదు.

"జనరేటర్ దగ్గరికి ఎప్పుడెళ్ళావ్ నువ్వు?" అంది. "నా తమ్ముడు దింపమని తట్టకముందా, నువ్వు కానియ్ అని చెయ్యి తిప్పాకా?"

ఆయన మొహంలో రక్తం చుక్క లేదు. స్టీరింగు మీద ఉన్న చేతిని రెండో చేత్తో కప్పుకున్నాడు. వెనక హారన్లు మొదలయ్యాయి. ఎవరో కిటికీలోంచి తిడుతున్నారు. అక్క కాలు తియ్యలేదు. తిడితే తిట్టనీ, గుద్దితే గుద్దనీ, జవాబు వచ్చేదాకా ఈ కారు కదలదు.

"తిప్పింది నేనే" అన్నాడు చివరికి. కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. "కానీ తిప్పమన్నది కంపెనీ కాదు."